పన్నెండు గజాల మట్టి

మా ఆవిడకి మోకాలు మార్చిన నెల తర్వాత, ఫిజికల్ థెరపీ చేయించే అమ్మాయి ఒక ఫారం ముందు పెట్టుకుని "మీ గోల్ ఏంటి?" అని అడిగింది. నలభై ఏళ్ళ కాపురంలో నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. మా ఆవిడ కాసేపు ఆలోచించి, "గొంతుక్కూర్చుని కలుపు తీసుకోవాలి" అంది.

తర్జుమా చెయ్యడానికి వచ్చిన మా అమ్మాయి అక్కడ ఆగిపోయింది.

"నాన్నా, గొంతుక్కూర్చోడానికి ఇంగ్లీష్‌లో ఏం అంటారు?"

"ఎనిమిదిలో బడి మానేసినవాణ్ణి నన్నడుగుతావేంటే? మాస్టర్స్ చేసింది నువ్వు."

ఇక లాభం లేదని అది ఆఫీసు బట్టల్లోనే ఆ క్లినిక్ నేల మీద గొంతుక్కూర్చుని, లేని కలుపు పీకి చూపించింది. థెరపీ అమ్మాయి రెండు చేతులూ ఊపేసింది. "నో, నో, నో. నెవర్!" దానికి మాత్రం తర్జుమా అవసరం పడలేదు.

ఇంటికి వస్తుంటే కారులో వెనక సీటులోంచి మా ఆవిడ మెల్లగా అంది: "ఈ ఏడాది తోట వద్దులే."

ఆ మాట విని నాకు భయం వేసింది. మా ఆవిడ "వద్దు" అని గట్టిగా అరిస్తే నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అది సాయంత్రానికి మారుతుంది. మెల్లగా "వద్దులే" అందంటే మాత్రం ఆ పని ఆమె జీవితంలోంచి లేచి వెళ్ళిపోయినట్టే. ఈ దేశం వచ్చిన కొత్తలో పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. ఒకరోజు పార్కింగ్‌లో స్తంభానికి కారు రాసుకుంది. స్తంభానికి ఏమీ కాలేదు, కారుకీ పెద్దగా ఏమీ కాలేదు. "ఇప్పుడొద్దులే" అని తాళాలు సొరుగులో పెట్టింది. పన్నెండేళ్ళయింది. కుట్టుమిషనూ అంతే. ఒకసారి ఎవరో బ్లౌజు బిగుతుగా ఉందన్నారు, "ఇక వద్దులే" అంది, ఆ మిషను మీద ఇప్పుడు రౌటర్ ఉంది.

ఇంగ్లీషు రాదు, కారు నడపదు. టెక్సాస్‌లోని మా ప్లేనోలో కారు నడపని మనిషికి ఇల్లే ఊరు. ఆ ఊళ్ళో ఆమె తిరిగే వీధి ఒక్కటే, పెరడు. అది కూడా పోతే ఆమె కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అవతల పోయే కార్లు చూస్తూ కూర్చుంటుంది. ఆపరేషన్ దగ్గర్నుంచి కూర్చుంటూనే ఉంది. ఏ కారు ఎన్నింటికి పోతుందో చెప్పే స్థాయికి వచ్చింది. వేసవి ముదిరేలోగా పెరట్లో విత్తనాలు పడకపోతే ఆమె ఆ కుర్చీలోంచి లేవదని నాకు అర్థమైంది. అందుకే తోట నేనే మళ్ళీ వేయిస్తానన్నాను.

"నువ్వా?" అంది.

"నేనే. రోజంతా చేసేది కూరగాయల పనేగా."

"వాటి మీద నీళ్ళు చల్లుతావు. పండించవు."

నిజమే. నేను ఇండియన్ గ్రోసరీలో కూరగాయల దగ్గర పని చేస్తాను. బెండకాయల చివర్లు విరిచి చూసేవాళ్ళను వద్దనడమూ, వాళ్ళు విరిచేసినవి ఏరడమూ నా ఉద్యోగం. పది గంటలు నిలబడాలి. మా ఆవిడ ఆపరేషన్‌కి ముందు వరకు పది ఇళ్ళకి కూరలు వండి ఇచ్చేది, ఇప్పుడు అదీ లేదు. దానికి తోడు ఆ చలికాలమే మా ఇంటి కింద డ్రైన్ పైపు పగిలింది. ఇక్కడి నల్లరేగడి ఎండకి నెర్రెలిచ్చి, వానకి ఉబ్బి, పైపుల్ని విరిచేస్తుంది. ప్లంబర్లు పెరడు మధ్యలోంచి కందకం తవ్వుకుంటూ పోయారు. మా ఆవిడ పదేళ్ళుగా కూరగాయ తొక్కలూ, టీ పొడీ, పేడ ఎరువూ వేసి మెత్తబరచుకున్న మూడు మళ్ళు అడుగుకి పోయాయి. అడుగున ఉన్న బంకమన్ను పైకొచ్చింది.

పైపుకీ మోకాలికీ పోగా చేతిలో మిగిలింది ఎనిమిది వందల డాలర్లు. మా అమ్మాయి ఇస్తానంది. దాని ఇంట్లో ఇద్దరు సంపాదించేవాళ్ళలో ఒకరికి ఉద్యోగం పోయి మూడు నెలలయింది, నేనెలా తీసుకుంటాను? ఒక తోటల కంపెనీ అతన్ని పిలిచాను. టాబ్లెట్ పట్టుకుని వచ్చి, పెరడంతా ఫొటోలు తీసి, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, ఎంత అవుతుందో మెయిల్ చేస్తానన్నాడు. మెయిల్‌లో ఉన్న అంకె చూసి అది అతని ఫోన్ నంబరనుకున్నాను.

అప్పుడు నేనే ప్లాన్ వేశాను. మా షాపు కాలెండర్లో అయిపోయిన నెల చింపి, వెనక వైపు పెరడు గీశాను. మూడు మళ్ళు, ఒక్కొక్కటి పన్నెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పాత మళ్ళు ఎక్కడుండేవో అక్కడే, ఎలా ఉండేవో అలాగే. ఒక్కొక్క మడి నాలుగు గజాలు, మొత్తం పన్నెండు గజాలు. బెండ ఇక్కడ, గోంగూర అక్కడ, కంచె పక్కన బీర, సొర. రోజూ పని నుంచి వచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఆ కాగితం సరిచేసేవాణ్ణి. చెరిపి గీసి, చెరిపి గీసి కాగితానికి చిల్లు పడింది. తోట వెయ్యకముందే తోటపనితో ఒళ్ళు హూనమైంది.

ఆ బంకమన్నులో ఏదీ బతకదు కాబట్టి ముందు మంచి మట్టి తెప్పించాలి. మట్టి అమ్మేవాళ్ళకి ఫోన్ చేశాను. అవతలాయన గొంతు కంకర నమిలినట్టుంది. మాట సగం అర్థం కాలేదు. కూరగాయలకి మట్టి అని మూడుసార్లు చెప్పాక, "హౌ మెనీ యార్డ్స్?" అన్నాడు.

ఈ దేశంలో నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. డిడక్టిబుల్ ఎంతన్నారు, ఎస్క్రో ఉందా అన్నారు, పేపరా ప్లాస్టిక్కా అన్నారు. పూర్తిగా, నూటికి నూరు పాళ్ళు అర్థమైన మొదటి ప్రశ్న ఇదే. యార్డ్ అంటే గజం. మా వైపు స్థలాల బేరగాళ్ళ పక్కన కూర్చుని ఒక్క టీ తాగిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. రెండు వందల గజాలు, మూడు వందల గజాలు, కార్నర్ బిట్. దస్తావేజులో కూడా యార్డ్సే. నా గుండె ధైర్యంతో ఉబ్బింది.

"ట్వెల్వ్ యార్డ్స్," అన్నాను.

"ట్వెల్వ్?"

"ట్వెల్వ్."

"యూ గాట్ రూమ్ ఫర్ దట్, సర్?"

"ప్లెంటీ రూమ్!"

ధర చెప్పాడు. ఎనిమిది వందల్లో రెండు వందలు కూడా మిగలదు. గుండె కొంచెం జారింది గానీ, కొత్తిమీర కట్టకి రోజూ నా చేత్తోనే ధర చీటీ అతికిస్తున్నవాణ్ణి, ఈ దేశంలో మట్టి ధర విని ఆశ్చర్యపోతే ఎలా అనుకుని కార్డు నంబరు చెప్పేశాను.

మర్నాడు నాకు సెలవు. ఉదయం తొమ్మిదికి మా సందు మొదట్లో ఏదో గర్జించింది. ఇల్లు కట్టేచోట తిరిగే లారీ, పది చక్రాలది. అది మా ఇంటి ముందు ఆగితే దారి తప్పిందనుకుని అడ్రస్ చెప్పడానికి బయటికి వెళ్ళాను. డ్రైవరు కిటికీలోంచి నా పేరే చదివాడు. "ఎక్కడ పొయ్యమంటావు?" అన్నాడు. డ్రైవ్‌వే వైపు చెయ్యి చూపించాను. అతను లారీ వెనక్కి పెట్టి, వెనక భాగం పైకి లేపాడు.

పోసింది, పోసింది, పోస్తూనే ఉంది. గారేజ్ తలుపు సగానికి పైగా మునిగింది. లోపల మా కారు ఉంది.

లారీ పోయాక మా ఆవిడ వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. గుట్టని కింది నుంచి పై దాకా చూసింది.

"ఏమయ్యా, మేడ ఏమన్నా లేపుతున్నావా?"

"లేదు. నీకు సమాధి."

"ఒక్కదానికి ఇంత ఎందుకు? నువ్వు కూడా వస్తున్నావా?"

ఆదివారం వచ్చి అమ్మాయి విషయం తేల్చింది. నేల కొనేటప్పుడు గజం వేరు, మట్టి కొనేటప్పుడు యార్డ్ వేరు. మట్టి యార్డ్ అంటే మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, దాని మీద మూడడుగుల ఎత్తు కూడా. కాగితం మీద పెట్టె బొమ్మ గీసి చూపించింది.

"ఇట్స్ క్యూబిక్, నాన్నా. హైట్ కూడా ఉంటది."

"మట్టికి హైట్ ఎందుకే?"

"నువ్వు కొన్నది బెడ్స్‌కి కాదు, స్విమ్మింగ్ పూల్ ఫిల్ చెయ్యడానికి. నీకు టూ యార్డ్స్ చాలు, నాన్నా. టూ!"

ఘనపరిమాణం అని ఒక పాఠం ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో చివర ఉండేది. నేను మధ్యలో మానేశాను. ఆ ఒక్క పాఠం కోసం ఇంకో మూడు నెలలు ఓపిక పట్టి ఉంటే ఇవాళ నా కారు బయటికి వచ్చేది. మట్టి కంపెనీకి ఫోన్ చేస్తే, వెనక్కి తీసుకోవడానికి తెచ్చినంతా అవుతుందన్నారు. తెచ్చినందుకూ డబ్బు, తీసుకుపోయినందుకూ డబ్బు! ఆ వ్యాపారం నాకెందుకు తట్టలేదో.

గురువారం మా ఆవిడకి థెరపీ ఉంది. కారేమో గుట్ట వెనక ఉంది. పక్కింటి పెద్దాయన, టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినవాడు, ఒంటరి మనిషి, తన పికప్ తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. అది ఎత్తు బండి. నేను వంటింట్లోంచి పీట తెచ్చి వేశాను. ఒకవైపు ఆయన, ఒకవైపు నేను, మా ఆవిడ పీటెక్కి, బండెక్కి, ఊరేగింపుగా వెళ్ళొచ్చింది. దిగాక ఆయన మట్టి వైపు చూసి, "ఎవర్నైనా పాతిపెడుతున్నావా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నాట్ యెట్," అన్నాను. "వైఫ్ ఈజ్ స్టిల్ వాకింగ్."

ఆయన పడీ పడీ నవ్వి, వాళ్ళ గారేజ్‌లోంచి ఒంటి చక్రం తోపుడు బండి తెచ్చి ఇచ్చాడు. మర్నాడు కాలనీ అసోసియేషన్ వాళ్ళ ఉత్తరం వచ్చింది. అనుమతి లేని వస్తువు ఇంటి ముందు కనిపిస్తోందట, పది రోజుల్లో తీసెయ్యాలట, లేకపోతే జరిమానా. ఎంత మర్యాదగా రాశారంటే, చదివాక థాంక్స్ చెప్పాలనిపించింది.

మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాను: మంచి మట్టి, ఉచితం, ఎంత కావాలంటే అంత తీసుకెళ్ళండి. నలభై మంది దండం బొమ్మలు పెట్టారు. వచ్చింది ముగ్గురు. ఒకాయన పెద్ద కారులో వచ్చి, పెరుగు డబ్బా నిండా మట్టి తీసుకున్నాడు, కరివేపాకు మొక్కకట. "ఇంకొంచెం పట్టుకెళ్ళండి బ్రదర్" అని బతిమాలాను. కారు పాడవుతుందన్నాడు.

ఇక ఆ పది రోజులు నేనూ, పారా, బండీ. పొద్దున తోటి పనివాడు తన కారులో ఎక్కించుకుపోయేదాకా గంట, తిరిగి వచ్చాక చీకటి పడేదాకా. పక్కగేటు ఇరుకు, బండి సరిగ్గా మధ్యలోంచి పోవాలి, అటూ ఇటూ అయితే వేళ్ళు గీరుకుపోతాయి. మొదట బళ్ళు లెక్కపెట్టాను. డెబ్బై దాకా వచ్చాక, లెక్కపెట్టడం కూడా ఒక పనే కదా అని మానేశాను. షాపులో నిలబడి ఉల్లిపాయలు పేర్చేటప్పుడు చేతులు వాటంతటవే పార తిప్పినట్టు తిరిగేవి. అలసట అంటే ఒళ్ళు నొప్పి అనుకునేవాణ్ణి. కాదు. ఎవరైనా జోకు వేస్తే దానికి తిరిగి జోకు వెయ్యాలనిపించకపోవడం అలసట. మేనేజరు ఒకరోజు, "ఏంటి అంకుల్, ఇవాళ సైలెంట్?" అన్నాడు. నాకు ఏమీ తోచలేదు. నా జీవితంలో అలా ఎప్పుడూ జరగలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే జ్వరం చూసింది.

పదో రోజుకి డ్రైవ్‌వే కడిగాను. మట్టంతా పెరట్లోకి చేరింది. అదే ఊపులో మొదటి మడి వేశాను, ప్లాన్‌లో గీసినట్టే, నేల మీద జానెడు మందాన మట్టి పరిచి, అంచులు దిద్ది, చేత్తో నిమిరి. ఎంత బాగా కుదిరిందంటే, చూపించాలనిపించి మా ఆవిడని పిలిచాను. ఆమె వాకర్‌తో వెనక గుమ్మం మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాగుంది," అంది.

"బాగుందా? పాత దానికంటే బాగుంది!"

"బాగుందన్నాగా. ఇందులో పని ఎవరు చేస్తారు?"

"ఎవరేంటి, నువ్వే."

ఆమె లోపలికి వెళ్ళి నా కాలెండర్ కాగితం పట్టుకొచ్చింది. చిల్లు పడ్డచోట వేలు దూర్చి అంది:

"రెండు నెలల్నుంచి గీస్తున్నావు. బెండ ఎక్కడో గీశావు, బీర ఎక్కడో గీశావు. నేనెక్కడ నిలబడాలో గీశావా?"

"మడి పక్కన కూ..." అని, ఆగిపోయాను.

ఆ క్లినిక్‌లో నేనూ ఉన్నాను. మా అమ్మాయి నేల మీద కూర్చుని చూపించడం చూశాను, నెవర్ అనడం విన్నాను, ఇంటికొచ్చి ఆ కథ పదిమందికి చెప్పి నవ్వించాను కూడా. నవ్వించే తొందరలో అర్థం చేసుకోవడం మర్చిపోయాను. ఆమె పాత మోకాళ్ళకి సరిపోయే తోట గీసుకుంటూ వచ్చాను. ఆమె రెండు నెలలు చూస్తూ ఊరుకుంది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అంత సరదాగా గీసుకుంటున్నావు, చెప్పబుద్ధి కాలేదు" అంది. తర్వాత, "పచ్చగడ్డి వేయించెయ్యి. ఈ ఏడాదికే కాదు, ఇంక వద్దులే" అని లోపలికి వెళ్ళింది. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

నడుము ఎత్తున మళ్ళు కట్టించాలని అప్పుడు తెలిసింది. పెద్ద హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి చెక్క పెట్టెలు చూశాను. నడుమెత్తు దేవదారు పెట్టె ఒకటి బాగుంది. ధర చీటీ తిప్పి చూసి, పెట్టెకి దండం పెట్టి వచ్చేశాను. శవపేటిక కూడా అంత ఉండదేమో. ఇటుకలు అడిగాను, వాటి కథా అదే.

రెండు రోజుల తర్వాత షాపులో టీ టైముకి ఎప్పటిలాగే బియ్యం మూటల దొంతర మీద మోచేతులు ఆనించి టీ తాగుతున్నాను. ఎనిమిదేళ్ళుగా అక్కడే తాగుతున్నాను. ఇరవై పౌండ్ల సంచులు ఒకదాని మీద ఒకటి, ఇటుకల్లా అడ్డంగా నిలువుగా పేర్చినవి. సరిగ్గా నా నడుము దాకా వస్తాయి. వంగక్కర్లేదు, సాగక్కర్లేదు. టీ చల్లారిపోయేదాకా ఆ దొంతర వైపు చూస్తూ ఉండిపోయాను. నా దగ్గర లేనివి చెక్కలూ ఇటుకలూ. ఉన్నది మట్టి, ఒక ఊరికి సరిపడా. సంచులుంటే మట్టే గోడ అవుతుంది.

షాపులో చిరిగి ఖాళీ అయినవి పాతిక దొరికాయి. కనీసం వంద కావాలి. తెలుగువాళ్ళ గారేజ్‌లలో ఏముంటాయో నాకు తెలుసు: ఖాళీ బియ్యం సంచులు, మడిచి, ఎందుకో తెలియకుండా దాచినవి. ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారికి చెప్పాను. ఆయన ప్రకటనల చివర్లో, పిల్లల పిక్నిక్ సంగతి చెప్పాక, మైకులో ఇలా అన్నారు: "మన బ్రదర్‌గారి ఇంట్లో ఆపరేషన్ అయిన సంగతి మీకు తెలుసు. వాళ్ళకి బియ్యం సంచులు కావాలట. ఎవరికి వీలైనన్ని వాళ్ళు ఇవ్వండి."

'ఖాళీ' అన్న మాట ఆయన నోటి దాకా రాలేదు.

మధ్యాహ్నం నుంచి మా ఇంటి ముందు కార్లు ఆగడం మొదలుపెట్టాయి. మొదటాయన డిక్కీ తెరిచి నలభై పౌండ్ల సోనా మసూరి భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. రెండో ఇంటివాళ్ళు బియ్యంతో పాటు కందిపప్పు, నూనె డబ్బా. మూడో ఆవిడ మా ఆవిడ పక్కన కూర్చుని, చేతులు పట్టుకుని, ఈ ఇంటి కొరత తీర్చమని కళ్ళ నీళ్ళతో ప్రార్థన చేసింది. మా ఆవిడ ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది. ఆ చూపు రాయడం నా చేత కాదు.

నిజం చెబితే ఇద్దరు నవ్వుకుని బియ్యం వెనక్కి పట్టుకెళ్ళారు. ఆ ఆవిడ మాత్రం, "సిగ్గుపడకండి బ్రదర్, అందరికీ వస్తాయి ఇలాంటి రోజులు" అని ఉంచేసి వెళ్ళింది. తలుపు వేశాక మా ఆవిడ బియ్యం మూట వైపు చూస్తూ అంది:

"నీ నోట్లో ఏ మహిమ ఉందో గానీ, నువ్వు అడిగింది తప్ప అన్నీ వస్తాయి."

"ఏడాది తిండికి దిగులు లేదుగా!"

"సంచులతో ఏం చేస్తావసలు?"

చెప్పాను. వింటూ వింటూ కుర్చీలోంచి లేచింది. వాకర్ అందుకుని వెనక గుమ్మం వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

"ఎంత ఎత్తు కావాలి?" అని అడిగాను. అడగడానికి రెండు నెలలూ పన్నెండు గజాలూ పట్టింది.

ఆమె వాకర్ వదిలి, గుమ్మం చట్రం పట్టుకుని నిటారుగా నిలబడింది. బొడ్డుకి రెండంగుళాల కింద అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది. "ఇక్కడికి." నేను టేపు పెట్టబోతే, "చల్లగా ఉంది, చీర మీద పెట్టు" అని కసిరింది.

విషయం తెలిసి వారం రోజుల్లో ఖాళీ సంచులు వచ్చిపడ్డాయి. గోనెవి, జిప్పులవి, ఏనుగు బొమ్మలవి, నెమలి బొమ్మలవి, ఒకటి మాత్రం కుక్క బిస్కెట్లది. ఎవరు తెచ్చారో అడగలేదు. నేను నింపేవాణ్ణి, మా ఆవిడ కుర్చీలో కూర్చుని గోనెసూదితో మూతులు కుట్టేది. బొమ్మలన్నీ లోపలి వైపుకి రావాలంది. పెరట్లో కూర్చుంటే కిరాణా కొట్టులో కూర్చున్నట్టుంటుందట. ఒక్కొక్క సంచీ ఇటుకలా పెట్టి, పార వెనక్కి తిప్పి కొట్టి, దాని మీద ఇంకొకటి. మూడో వరసకి ఒకవైపు పొట్ట బయటికొచ్చింది. పక్కింటి పెద్దాయన కంచె మీదుగా చూసి, గోడ లోపలికి వాలాలి గానీ బయటికి కాదు, తను సైన్యంలో ఇవే కట్టానన్నాడు. రెండు వరసలు విప్పించాడు. ఆయన్ని కంచె అవతలకి తోసెయ్యాలనిపించింది గానీ, ఆయన చెప్పింది నిజం.

ప్లాన్‌లో పన్నెండడుగులన్న మడి ఎనిమిదడుగులైంది. మూడు మళ్ళన్నది ఒక్క మడైంది. అంతకు సంచులు లేవు, నా నడుమూ లేదు. మిగిలిన మట్టి పెరట్లో ఒక మూల నీలం టార్పాలిన్ కింద గుట్టగా ఉంది. ఈ ఎండకి ప్లాస్టిక్ సంచులు రెండు వేసవులకి పొడిపొడి అయిపోతాయని పెద్దాయన అన్నాడు. అప్పటికి నాకు అరవై నాలుగు. చూద్దాం.

ఏప్రిల్ చివరి వారం, ఎండ ముదిరిపోయింది, విత్తనాలకి ఆలస్యమే. పనికి పోయే ముందు పై వరస మీద మెత్తటి మట్టి పోస్తున్నాను. మా ఆవిడ మెట్టు దిగి వచ్చింది. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దంది. ఈ "వద్దు" గట్టిదే. సంచుల గోడకి పొట్ట ఆనించి నిలబడింది. వాకర్ పక్కకి జరిపింది. రెండు చేతులూ మణికట్టు దాకా మట్టిలోకి దించి, అలాగే ఉంచింది. నేను మాట్లాడబోయాను.

"నువ్వు కాసేపు ఊరుకో," అంది.

ఊరుకున్నాను. కొంగు ముడి విప్పి బెండ విత్తనాలు తీసింది. వేలితో గుంట, విత్తనం, బొటనవేలితో మట్టి. గుంట, విత్తనం, మట్టి. ఒక వరస అయ్యాక రెండో వరసకి చెయ్యి చాచింది, అందలేదు. ఇంకొంచెం ముందుకు వాలింది. అందలేదు.

"ఏమయ్యా, ఇంత వెడల్పు ఎవరు పెట్టమన్నారు? మధ్యలోకి చెయ్యి అందట్లేదు."

"అటువైపు నుంచి అందుతుందిగా."

"ప్రతిసారీ చుట్టూ తిరగాలా, ఈ కాలుతో?" అంటూనే గోడ పట్టుకుని అంగుళం అంగుళం అటువైపుకి తిరిగింది. మూల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. మళ్ళీ కదిలింది. అటువైపు నిలబడి, సంచుల్ని అరచేత్తో తట్టి చూసి, తలెత్తకుండానే అంది:

"వచ్చే ఏడాది ఈ గోడ అడుగు లోపలికి జరుపు. ఆ టార్పాలిన్ కింద ఉన్నదాంతో ఇటువైపు ఇంకోటి కట్టు, గోంగూరకి. బీర దీని మీద వద్దు, నీడ పడుతుంది."

జరుపుతాను. కడతాను కూడా. పనికి ఇంకా అరగంట టైముంది. పార నేల మీద పెట్టి, మెట్టు మీద కూర్చున్నాను. ఆమె ఇంకేదో చెబుతోంది, దొండ గురించి అనుకుంటాను. సరేనన్నాను.